కొరకడానికి ముందు

పిల్లను చూసుకోవడానికి కుదుర్చుకున్న మూడో ఆయా కూడా చేతిమీద పళ్ళ గాటుతో వెళ్ళిపోయిన మర్నాడు, కండక్టరమ్మ కొడుకింటికి వచ్చింది.

ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. అసలు పేరు కాగితాల్లో ఉందేమో గానీ, చుట్టుపక్కలవాళ్ళూ బంధువులూ, చివరికి సొంత తమ్ముడు కూడా కండక్టరమ్మ అనే పిలిచేవారు. తాగి ఎక్కి వీరంగం వేసేవాళ్ళను నోరెత్తనివ్వకుండా దింపేసిన చరిత్ర ఆవిడది. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళు ఆవిడ గొంతు వినబడితే చాలు, కిక్కురుమనకుండా లోపలికి జరిగేవారు. భర్త పోయాక ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది. అలాంటి మనిషికి తొమ్మిదేళ్ళ పిల్ల ఒక లెక్కా?

"పది రోజులు నాకు వదిలెయ్యండి. దారిలో పెట్టి చూపిస్తా" అంది, చేతిసంచి ఇంకా కింద పెట్టకుండానే.

కొడుకు చెప్పులు వెతుక్కున్నాడు. అతను కోల్డ్ స్టోరేజీలో మెకానిక్కు, తెల్లారకముందే డ్యూటీ. కోడలు మాత్రం "ముందు కాఫీ తాగండి అత్తయ్యా" అంది. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. నిద్రలేక ఆమె కళ్ళ కిందే నల్లటి చారలు.

మనవరాలిని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. సంతోషం వస్తే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తుంది గనక ఆ పేరు. మాటలు తక్కువ. నీళ్ళు, వద్దు, అయిపోయింది లాంటివి ఓ పాతిక ఉంటాయేమో. చెంచాలన్నీ పొడుగు వరసలో పేర్చుకుంటుంది, సబ్బుబిళ్ళ వాసన చూస్తూ ఎంతసేపైనా కూర్చుంటుంది. ఆటిజం అని డాక్టర్లు నాలుగో ఏటే చెప్పారు. కండక్టరమ్మ ఆ మాట విన్నది గానీ చెవిన పెట్టలేదు. గారాబానికి డాక్టర్లు పెట్టిన పేరది, అంతే అనుకుంది.

నాలుగో రోజు పొద్దున్న స్కూలు వ్యాను వచ్చే వేళైంది. పిట్ట వాష్‌బేసిన్ దగ్గర నిలబడి, ట్యాపు ధార వేళ్ళ మధ్యనుంచి జారుతుంటే చూస్తోంది. నానమ్మ రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. వెనకనుంచి వచ్చి చెయ్యి చాచి ట్యాపు కట్టేసింది.

పిట్ట కేక పెట్టింది. ఆ మరుక్షణం ఆవిడ ముంజేతిమీద పళ్ళు దిగాయి. నొప్పికి ప్రాణం విలవిల్లాడింది. రెండో చెయ్యి దానంతటదే లేచింది. చెంప చెళ్ళుమంది.

పిట్ట ఏడవలేదు. ఒక్క క్షణం కళ్ళు పెద్దవి చేసి శూన్యంలోకి చూసింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి నుదురు టైల్సుకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. పిల్లను పట్టి లాగలేదు, అరవలేదు. తన అరచేతిని గోడకీ పిల్ల నుదుటికీ మధ్య పెట్టి అలాగే నిలబడింది. దెబ్బ పడినప్పుడల్లా ఆమె వేలికణుపులు టైల్సుకి తగులుతున్నాయి. అయినా చెయ్యి తియ్యలేదు. అలా ఎంతసేపో. పిల్ల అలిసిపోయి కింద కూర్చున్నాక ఆమె వెళ్ళి చెయ్యి కడుక్కుంది.

"అత్తయ్యా" అంది, వెనక్కి తిరక్కుండానే. గొంతు పెంచలేదు. "మీరంటే నాకు గౌరవం. మీరు కాదంటే మాకింకెవరూ లేరని కూడా తెలుసు. కానీ ఇంకోసారి దానిమీద చెయ్యెత్తితే మీ సంచి నేనే సర్దుతాను."

కండక్టరమ్మను ఇంతవరకూ అంత మాటన్నవాళ్ళు లేరు. ఒంటికాలిమీద లేచేదే. కానీ కమిలిన ఆ వేళ్ళు చూసి పక్కకు తప్పుకుంది.

ఆ తర్వాత మూడు రోజులు నానమ్మ గదిలో అడుగుపెడితే చాలు, పిట్ట రెండు చెవులూ మూసుకుని బల్లకిందికి దూరిపోయేది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడను చూసి భయపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు. అది చూసి సిగ్గుపడటం మాత్రం ఇదే మొదలు.

శనివారం, పిట్టకు నేర్పడానికి ఇంటికొచ్చే థెరపిస్టు వచ్చింది. పుల్లలా సన్నగా ఉన్న పాతికేళ్ళ అమ్మాయి. బల్లకింద ఉన్న పిట్టకు కొంచెం దూరంలో నేలమీదే కూర్చుని తనూ చెంచాలు పేర్చసాగింది. పిట్టను పలకరించను కూడా లేదు. కండక్టరమ్మ కాసేపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"నీకు పిల్లలున్నారా అమ్మాయ్?"

"లేరండీ. పెళ్ళే కాలేదు."

"మరి పిల్లల గురించి నీకేం తెలుస్తుంది?"

"మీరు ఎప్పుడైనా బస్సు నడిపారా అండీ?" అంది ఆ అమ్మాయి, చెంచాలమీంచి చూపు తిప్పకుండా.

"నేనెందుకు నడుపుతాను? డ్రైవరుంటాడుగా."

"అయినా బస్సు గురించి మీకు తెలియంది ఉందా?"

కండక్టరమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుంది గానీ, పిల్ల గట్టిదే అనుకుంది.

"మీ కోడలుగారు కొంత చెప్పారు. ఆ రోజు బేసిన్ దగ్గర ఏం జరిగిందో మీరు చెప్పండి" అంది థెరపిస్టు.

"ఏముంది, కొరికింది."

"దానికి ముందు?"

"నేను ట్యాపు కట్టేశాను."

"ఇంకా ముందు? మీరు పిలిచినప్పుడు పిట్ట చేతులు ఎలా ఉన్నాయి? భుజాలు? ఏమైనా చప్పుడు చేసిందా?"

బస్సులో పైరాడ్డును పట్టుకున్న తీరు చూసి, ఫలానావాడు రెండు స్టాపుల తర్వాత గొడవకు దిగుతాడని చెప్పగల మనిషి ఆవిడ. నోరు లేవకముందే చేతులు చెబుతాయని కొత్తగా చేరినవాళ్ళకు పాఠాలు చెప్పింది కూడా. సొంత మనవరాలి చేతులు చూడలేదు.

"అది పొగరుతో కొరకడం లేదండీ" అంది ఆ అమ్మాయి. "మీకు అలవాటైన దారిలో వెళ్తుంటే ఎవరో వెనకనుంచి వచ్చి ఉన్నట్టుండి లైట్లార్పేస్తే ఎలా ఉంటుంది? దానికి అలా ఉంటుంది. ఆపమని నోటితో చెప్పలేక పళ్ళతో చెప్తోంది. పళ్ళతో చెప్పొద్దు అంటే, చెప్పుకోడానికి ఇంకోటి మనమివ్వాలి."

"కొడితే మానదా?"

"మానిందా?"

ఇద్దరూ గోడమీద, పిల్ల నుదురు తగిలిన చోటు వైపు చూశారు. ఆ ప్రశ్న కండక్టరమ్మ మళ్ళీ వెయ్యలేదు.

ఆ సాయంత్రమే వీధి చివర షాపుకెళ్ళి పొడుగాటి నోట్‌బుక్కు కొనుక్కొచ్చింది. థెరపిస్టు చెప్పినట్టు ప్రతి పేజీలోనూ మూడు గళ్ళు గీసింది. ముందు, అప్పుడు, తర్వాత. పనిలో దిగితే ఆవిడది రాక్షసపట్టు. వారం తిరిగేసరికి పదకొండు పేజీలు నిండాయి. అప్పటివరకూ "ఉన్నట్టుండి" కొరుకుతుందనుకున్న పిల్ల ఒక్కసారి కూడా ఉన్నట్టుండి కొరకలేదని తేలింది. ముందు కాలివేళ్ళమీద లేస్తుంది. తర్వాత గొంతులో సన్నగా ఒక కూనిరాగం. ఆ తర్వాత కుడిచేత్తో సొంత కాలరు లాక్కుంటుంది. చెవులు ఎర్రబడతాయి. అప్పటికీ ఎవరూ పట్టించుకోకపోతే పళ్ళు. అంటే, పాపం, నాలుగుసార్లు చెప్పాకే కొరుకుతోంది.

"నాలుగుసార్లు చెప్తోందే అమ్మాయ్" అంది కోడలితో, పేజీలు చూపిస్తూ. "నేనైతే రెండోసారికే చొక్కా పట్టుకునేదాన్ని. మనందరికన్నా దీనికే ఓపికెక్కువ."

కోడలు ఆ పేజీల్ని చాలాసేపు చదివింది. చదువుతూ చదువుతూ కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత తనే పెన్ను తీసుకుని, నానమ్మ చూడని రోజుల్లో తను చూసినవి రాసింది.

ట్యాపు సంగతి ముందు పట్టుకున్నారు. బేసిన్ పక్కన ఒక తీగ కట్టి, బట్టలారేసే క్లిప్పులు అయిదు దానికి తగిలించారు. నీళ్ళు వదలగానే అయిదూ ఉంటాయి. కాసేపటికొకటి చొప్పున తీసెయ్యాలి. ఆఖరిది తీశాక ట్యాపు కట్టెయ్యాలి. ఎంత మిగిలిందో పిల్ల కళ్ళకు కనబడాలన్నమాట. మొదటి రోజు పిట్ట క్లిప్పులు పీకి బక్కెట్లో పడేసింది. రెండో రోజు కేకలు. మూడో రోజు అంతకుముందు ఎప్పుడూ లేనంత గట్టిగా అరిచి, నానమ్మ భుజాన్ని కొరికింది.

"ఇది ఎక్కువవుతోంది గానీ తగ్గట్లేదే!" అని ఫోన్లో మండిపడింది కండక్టరమ్మ.

"కొన్నాళ్ళు ఎక్కువవుతుందండీ" అంది థెరపిస్టు. "ఎప్పుడూ తెరుచుకునే తలుపు తెరుచుకోకపోతే మనమైనా ఇంకా గట్టిగా బాదుతాం కదా. ఇక్కడ ఆపేస్తే, గట్టిగా కొరికితే పనవుతుందని నేర్పినట్టే."

ఆవిడ ఆపలేదు. భుజానికి మందు రాసుకుంది, మర్నాడు పొడుగు చేతుల మందపాటి జాకెట్టు తొడుక్కుని మళ్ళీ బేసిన్ పక్కన నిలబడింది. ఒక్కొక్క క్లిప్పూ తీసేటప్పుడు "ఇంకా నాలుగు... ఇంకా మూడు" అని ఒకే గొంతుతో, మెల్లగా. ఆ గొంతు అలా మెల్లగా పలకడం నేర్చుకోడానికే ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. తొమ్మిదో రోజు పిట్ట ఆఖరి క్లిప్పును తనే తీసింది. "అయిపోయింది" అంది. ట్యాపు కట్టేసి, తడి చేతులు నానమ్మ చీరకు తుడుచుకుని వ్యాను దగ్గరికి నడిచింది. కండక్టరమ్మ ఆ తడిచీరతోనే మధ్యాహ్నందాకా తిరిగింది.

అదే వారం స్కూలునుంచి కబురొచ్చింది. పిట్ట క్లాసు టీచరు మణికట్టు మీద కొరికింది. రెండు నెలల్లో నాలుగోసారి.

హెడ్‌మాస్టరు గదిలో కోడలూ అత్తగారూ పక్కపక్కన కూర్చున్నారు. హెడ్‌మాస్టరు చెడ్డవాడేం కాదు. గద్దించలేదు. "మిగతా పిల్లల తల్లిదండ్రులకు నేనేం చెప్పనమ్మా? కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచుకోండి. పరిస్థితి మెరుగయ్యాక చూద్దాం" అన్నాడు.

ఇంట్లో ఉంచుకుంటే ఎవరికి ఎలా మెరుగవుతుందో కండక్టరమ్మకు అర్థం కాలేదు. ముందుగా ఆవిడ టీచరు వైపు తిరిగింది.

"ఏదీ, చెయ్యి చూపించమ్మా."

టీచరు సందేహిస్తూ చూపించింది. కండక్టరమ్మ తన చెయ్యి చాచి పక్కన పెట్టింది. ఒకటి కొత్త గాటు, ఒకటి మానిన మచ్చ, పళ్ళ వరస మాత్రం ఒకటే.

"మంట ఎలా ఉంటుందో నాకు తెలుసు తల్లీ. మా పిల్ల తరఫున నన్ను క్షమించు" అంది. తర్వాత హెడ్‌మాస్టరుతో, "నన్నొక వారం వెనక బెంచీలో కూర్చోనివ్వండి. నోరు మెదిపితే బయటికి పంపండి. వారం తర్వాత మీరేమంటే అది" అంది.

ఆయన కాసేపు పెన్ను తిప్పాడు. టీచరే "కూర్చోనివ్వండి సార్" అంది.

ముప్పై ఇద్దరు పిల్లల మధ్య, మోకాళ్ళు గడ్డానికి తగిలే బెంచీమీద, కండక్టరమ్మ అయిదు రోజులు కూర్చుంది. రెండు రోజులు అలా గడిచిపోయాయి. మూడోరోజు మూడో పీరియడ్లో టీచరు పుస్తకాలు తెరవమంది, పిల్లలంతా ఒక్క గొంతుతో పాఠం చదవడం మొదలుపెట్టారు. రేకుల కప్పు కింద ఆ మోత చెవుల్లో గింగురుమంది. పిట్ట కాలివేళ్ళు బిగిశాయి. కూనిరాగం మొదలైంది గానీ ఆ హోరులో ఎవరికి వినిపిస్తుంది? కాలరు లాక్కుంది. టీచరు దగ్గరికొచ్చి ప్రేమగానే, పేజీ చూపించడానికి వంగింది. పిట్ట ఆ చెయ్యి పట్టుకుంది. కండక్టరమ్మ మాటిచ్చిన సంగతి మరిచిపోయి "చెయ్యి తీసుకో తల్లీ!" అని అరిచింది. టీచరు వెనక్కి జరిగింది. పళ్ళు గాలిని కొరికాయి. పిట్టను వరండాలోకి పంపారు. అక్కడ నిశ్శబ్దంగా ఉంది. రెండు నిమిషాల్లో పిల్ల చేతులు రెక్కల్లా ఆడాయి.

కండక్టరమ్మ నోట్‌బుక్కులో రాసుకుని, రాసిన దాన్ని తనే మళ్ళీ చదువుకుంది. ముందు: మోత. అప్పుడు: కొరకబోయింది. తర్వాత: బయటికి పంపారు, మోత పోయింది. పాత సంగతులు టీచరును అడిగితే, నాలుగుసార్లూ మూడో పీరియడే.

"చూశావా" అంది ఆ మధ్యాహ్నం టీచరుతో. "అది బయటికెళ్ళాలనుకుంటోంది. కొరికితే పంపుతున్నాం. కొరకడం దానికి మనమే నేర్పాం."

థెరపిస్టు అరచెయ్యంత పచ్చ కార్డొకటి తయారుచేసి, తలుపులోంచి బయటికి వెళ్తున్న బొమ్మ అంటించి, పిట్ట నడుముకు కట్టుకునే బెల్టుకి తగిలించింది. అది టీచరు చేతికిస్తే వరండాలో ఇసకగడియారం అయిపోయేదాకా కూర్చోవచ్చు. ఆ తర్వాత లోపలికి.

"రోజంతా ఇస్తూనే ఉంటే?" అంది టీచరు.

"ఇస్తే పంపు. కొరికినప్పుడు పంపుతూనే ఉన్నావుగా. అడిగినప్పుడు పంపడానికేం?"

టీచరు నవ్వేసింది. మొదటి రోజు పిట్ట పదకొండుసార్లు కార్డిచ్చింది. రోజూ సాయంత్రం టీచరు చెప్పే లెక్కను కండక్టరమ్మ నోట్‌బుక్కులోకి ఎక్కించేది. హెడ్‌మాస్టరు వరండా వైపు వచ్చినప్పుడల్లా పిల్ల అక్కడే కనిపించింది. ఆయన కనుబొమలు ముడేసుకుని దాటి వెళ్ళిపోయాడు. రెండో వారానికి అయిదుకు దిగింది. గడియారంలో ఇసక అయిపోగానే "అయిపోయింది" అని తనే లోపలికి వచ్చేది.

పద్నాలుగో రోజు టీచరుకు జ్వరమొచ్చింది. బదులొచ్చిన ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మూడో పీరియడ్లో పిట్ట కార్డు చాచింది. "ఆటలా? కూర్చో" అన్నాడాయన. మళ్ళీ చాచింది. ఆయన కార్డు లాక్కుని బల్లమీద పడేశాడు. ఆయన వేళ్ళకు మూడు కుట్లు పడ్డాయి.

ఈసారి హెడ్‌మాస్టరు మాటల్లో సందేహం లేదు. "ఇంక నా వల్ల కాదమ్మా. మీరు చేయగలిగిందంతా చేశారు."

కోడలు తల దించుకుంది. ఆమె ఎన్ని గదుల్లో ఇలా తల దించుకుందో అప్పటికి కండక్టరమ్మకు తెలుసు. ఆవిడ నోట్‌బుక్కు తెరిచి బల్లమీద పెట్టి, హెడ్‌మాస్టరు వైపు తిప్పింది.

"చదవండి సార్. పద్నాలుగు రోజులు. తొంభై నాలుగుసార్లు మా పిల్ల కార్డిచ్చి అడిగింది. తొంభై రెండుసార్లు మీరు పంపారు. ఆ తొంభై రెండుసార్లలో ఒక్కసారైనా కొరికిందా? మిగిలిన రెండుసార్లూ నిన్నటివే. ఆ మాస్టారికి దెబ్బ తగిలింది, అది చిన్న విషయమని నేననను. ఆస్పత్రికెళ్ళి ఆయన్ను చూసే వచ్చాను. కానీ ఆయనకు కార్డు సంగతి చెప్పాల్సింది మీరు, నేను. చెప్పలేదు. మా పిల్ల మాత్రం తను నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. నేర్చుకున్నందుకు ఇంటికి పంపుతారా?"

జ్వరం తగ్గీతగ్గకుండానే వచ్చిన క్లాసు టీచరు గుమ్మంలోనుంచి అంది:

"నా క్లాసులోనే ఉండనివ్వండి సార్. మూడో పీరియడ్లో అందరి చేతా ఒకేసారి చదివించడం నేను మానేశాను. వరసకి అయిదుగురు చదువుతున్నారు. నిజం చెప్పాలంటే మిగతా పిల్లలకీ ఇప్పుడే బాగా వస్తోంది."

హెడ్‌మాస్టరు నోట్‌బుక్కు పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. "సంవత్సరం చివరిదాకా చూద్దాం" అన్నాడు చివరికి. "అయితే ఒక్క షరతు. ఈ స్కూల్లో ఆ క్లాసుకి ఎవరు వెళ్ళినా, ముందు మీరు వాళ్ళతో మాట్లాడాలి."

"మాట్లాడటం నాకొదిలెయ్యండి" అంది కండక్టరమ్మ. కోడలికి అన్ని రోజుల తర్వాత నవ్వొచ్చింది.

ఆ సంవత్సరం పిట్ట ఇంకో రెండుసార్లు కొరికింది. ఒకసారి పళ్ళ డాక్టరును, ఒకసారి ఇంట్లో కరెంటు పోయినప్పుడు తండ్రిని. మాటలు పాతిక నుంచి నలభైకి చేరాయి. కొన్ని వారాలు బాగా గడిచాయి, కొన్ని వారాలు ఇంట్లో అందరి నిద్రా పోయింది. తీగమీది క్లిప్పులు అరిగి విరిగితే కొత్తవి తగిలించారు. కండక్టరమ్మ తన ఊరికి తిరిగి వెళ్ళే ఆలోచనే మానేసింది. ఎవరూ ఉండమని అడగలేదు, ఎవరూ వెళ్ళమనలేదు. బల్లకింద ఆవిడకు కూడా కొంచెం చోటు దొరికింది. మోకాళ్ళు సహకరించిన రోజుల్లో పక్కన కూర్చుని చెంచాలు అందిస్తుండేది.

సెలవులయ్యాక పిట్ట పై క్లాసుకు వెళ్ళింది. కొత్త టీచరు, కొత్త గది. బడి తెరవడానికి రెండు రోజుల ముందే కండక్టరమ్మ వెళ్ళి హెడ్‌మాస్టరు దగ్గర తాళంచెవి అడిగింది. ఖాళీ గదిలోకి వెళ్ళి, ఒక్కొక్క బెంచీమీదా కాసేపు కూర్చుని చెవులు రిక్కించింది. కిటికీ వైపు రోడ్డుమీది హారన్లు. తలుపు దగ్గర పక్క గదిలో కుర్చీలు జరిపిన చప్పుడు. ఫ్యాను వేస్తే మధ్య బెంచీ నెత్తిమీద కిర్రుకిర్రు. వెనక గోడ పక్కన మాత్రం కొంచెం నిమ్మళంగా ఉంది.

కొత్త టీచరు గుమ్మంలో నిలబడి ఆవిడను వింతగా చూస్తోంది.

"రామ్మా, ఇలా వచ్చి కూర్చో" అంది కండక్టరమ్మ, పక్కకు జరిగి చోటిస్తూ. "మా పిల్ల గురించి చెప్తాను. ముందు ఈ ఫ్యానుకి నూనె వేయించాలి."